కొత్త ఫ్లోరు

జడ్చర్ల చౌరస్తా అవతల, లేతు బందు పెట్టినంక
జానిమియా ఫోనును గ్రీజు డబ్బాకు ఆనిచ్చి పెడతడు.
పన్నెండు రేసులైనయి. ఇంక పది.
ఎర్రబండికీ నీలంబండికీ నడుమ నాలుగే పాయింట్లు.

"ఎర్రోళ్లు కొత్త ఫ్లోరు తెచ్చిన్రట," అంటడు
పెద్దాస్పత్రికి కొత్త డాక్టరొచ్చినట్టు.
"రౌండుకు ఎంత మిగుల్తది?"
"రెప్ప కొట్టినంత సేపట్ల మూడోవంతు."
బుచ్చిరాములు, నీలంబండి మనిషి, పకపక నవ్విండు:
"గంతకు గన్ని కోట్లా!"

జానిమియా నవ్వలే.
మొన్న కోయిలకొండ ట్రాక్టరు షాఫ్టును
వెంట్రుకంత ఎక్కువ గీకి
తుక్కుల పారేసిన చెయ్యి అది.

ఎన్నడు చూడని ఊర్ల వాన మొదలైంది.
టైర్లు మార్చనీకి ఎర్రది లోపలికొచ్చె,
నీలంది రాలే.
బుచ్చిరాములు బీడీ నోట్ల పెట్టుకొని
అగ్గిపుల్ల గీసుడు మరిచిండు.
ఆఖరి మూడు రౌండ్లు.
రెండు బండ్లూ ఒకే మూలమలుపుల, పక్కపక్కకు,
నీళ్లు లేస్తున్నయి,

సుడి తిరిగింది. తెర మీద.
డేటా అయిపోయింది.

హాట్‌స్పాట్ అడుగనీకి ధాబా పోరని దిక్కు
బుచ్చిరాములు చెప్పుల్లేకుంటనే ఉరికిండు.
జానిమియా కదల్లే.
చక్కుకు బిగిచ్చిన రేపటి షాఫ్టును
బొటనేలి గోటితోని మెల్లగ తడిమిండు.

ఇంకా ఉన్నది.