అరవై లీటర్లు

ఓస్త్రావా నుంచి ఏ దిక్కుకి బయల్దేరినా
సముద్రానికి ఒక పగలంతా పడుతుంది.
నేను నడిపే ట్రామ్
ఉక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గరే వెనక్కి తిరుగుతుంది.
అందుకని సముద్రాన్నే మూడో అంతస్తుకి మోసుకొచ్చాను,
తెల్లటి పొడిగా, బకెట్లో,
లిఫ్టు చెడిపోయిన రోజున.

లీటరుకి ముప్పై అయిదు గ్రాములు.
కూరలో ఉప్పెక్కువైతే పారబోసుకుంటాం.
ఇక్కడ పారబోయాల్సొచ్చేది ప్రాణాల్ని.

ఆరు వారాలు ఒక్క చేపా లేదు.
రాళ్ళు, ఇసుక, పంపు రొద, నీలి దీపం.
పరీక్ష గొట్టంలో ఆకుపచ్చ విరిగి
పసుపు తేలేదాకా ఆగాలి.
"ఖాళీ నీళ్ళకి కరెంటు బిల్లా?" అన్నాడు ఓల్ద్రిఖ్.
ఖాళీ కాదు,
కంటికానని వాళ్ళెవరో కాపురం పెడుతున్నారన్నాను.
ఇరవై ఆరేళ్ళు గనిలో దిగినవాడు,
కనబడని గాలి ఏమేం చేయగలదో తెలిసినవాడు,
దగ్గి ఊరుకున్నాడు.

రడోవాన్ దుకాణంలో నీలం చేప ఒకటి
నా వేలి వెంటే తిరిగింది.
"మీ తొట్టిలో మూడుసార్లు తోకాడిస్తే గోడ," అని
అమ్మనన్నాడు రడోవాన్.
ఆ ఒక్క మాటకే ఇప్పటికీ ఉప్పు అతని దగ్గరే కొంటాను.
రెండు క్లౌన్ చేపలు, అయిదు సన్యాసి పీతలు,
కాసిని నత్తలు. చాలు.
పగడాలు నెలకొక్కటి.

పగడమంటే అప్పటిదాకా నాకు
అమ్మమ్మ ఉంగరంలో ఎర్ర రాయి.
ఇదేమో చొక్కా బొత్తాములంత నోళ్ళతో
దీపం వెలిగితే విచ్చుకుని
నా నీడ పడితే ముడుచుకునేది.

మార్చిలో పీతలు తగ్గసాగాయి.
నాలుగు. మూడు.
ఇసుకలో పగిలిన గుల్లలు.
నీళ్ళని అనుమానించాను, ఉప్పుని, నన్ను.
"రాత్రిళ్ళు ఏదో కొడుతోంది," అన్నాడు ఓల్ద్రిఖ్.
నాకేం వినబడుతుంది,
ట్రామ్ గంట ఎప్పుడో తినేసింది నా చెవుల్ని.

దీపాలార్పి, కుర్చీ లాక్కుని,
అద్దానికి చెవి ఆనించి కూర్చున్నాడు.
గని కప్పు కూలేముందు మాట్లాడుతుందట.
ఆ మాట విన్నవాళ్ళే
ఇంటికొచ్చి సూప్ తాగారట.
రెండున్నరకి:
టక్.
"ఎడమ రాయి. అడుగున. వెనకవైపు బొరియ."

ఆ రాయి తీసి, బొరియలో సోడా పోస్తే
బయటికొచ్చింది:
చిటికెనవేలంత పచ్చ రొయ్య,
సమ్మెటల్లాంటి చేతులు,
దేని దారిన అది తిరిగే కళ్ళు.
రాయెక్కి వచ్చిన టికెట్ లేని ప్రయాణికుడు.
మరుగుదొడ్లో పడేయమంటాడనుకున్నాను.
"బొరియలో బతికేవాణ్ణి చంపుతావా?" అని
దోసకాయల ఊరగాయ సీసా,
అయిదు లీటర్లది, ఖాళీ చేయించాడు.

ఇప్పుడు వంటింట్లో రెండో సముద్రం.
దానికి ఆయనే చిమటాతో చిప్పమాంసం పెడతాడు,
నాకెప్పుడూ కాఫీ కలిపివ్వనివాడు.

ఒకనాడు ఇనప్పెట్టె అడుగు నుంచి
గుడ్డలో చుట్టిన గవ్వ తీశాడు.
ఎనిమిది వందల మీటర్ల లోతున
బొగ్గు పొర పక్కన దొరికిందట, రాయైపోయి.
"ఇక్కడా ఉండేది సముద్రం," అన్నాడు,
మనం అద్దెకి దిగకముందు పక్క వాటాలో ఎవరుండేవారో చెప్పినట్టు.
తొట్టిలో వేస్తానంటే వద్దన్నాను, లోహం దిగుతుందని.
అద్దం బయట నిలబెట్టాం.
పెద్ద క్లౌన్ చేప రోజూ దాంతో తగాదా పడుతుంది.

రోజుకో వేలి మందం నీరు తగ్గుతుంది.
ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ఎక్కడికీ పోదు.
తగ్గినచోట మంచినీళ్ళే పోయాలి.
తెలియక మొదట్లో ఉప్పునీళ్ళు పోసి
మూడు నత్తల్ని చంపాను.
కొన్ని పోట్లాటల్లో మేమిద్దరం చేసిందీ అదేననుకుంటా.

ఇవాళ నాలుగింటికే షిఫ్టు.
చీటీ రాసి పెట్టి వెళ్ళాను:
"గ్లాసుడు మంచినీళ్ళు. మెల్లగా."
తిరిగొచ్చేసరికి కింద ఆయన గిలుకుడు రాత:
"పోశాను. సీసాలోవాడు రెండుసార్లు కొట్టాడు."