ఒక్క దేశం తప్ప

పదహారేళ్లు నా కుడిచెయ్యి ఒకే వాక్యం రాసింది.
సిరాతో కాదు, రబ్బరుతో:
దక్షిణాఫ్రికా తప్ప అన్ని దేశాలకూ చెల్లును.

సుల్తాన్ బజార్లో చేయించిన ముద్ర.
టేకు పిడి నా బొటనవేలి కింద గుంటపడింది.
దుబాయి తాపీమేస్త్రీలు, కువైట్ వంటవాళ్లు,
కరీంనగర్‌లో రాత్రి బస్సెక్కి వచ్చి
ఆఫీసు మెట్లమీద మూటలతో తెల్లవార్చినవాళ్లు,
ఆ దేశమెక్కడుందని ఒక్కరూ అడగలేదు.
అడిగింది మా ప్యూన్ మర్జూక్.

ఏసీ గార్డ్స్ మనిషి.
వాళ్ల ముత్తాతని ఏ రేవులోనో ఓడెక్కించి తెచ్చి
నిజాం గుర్రాల పక్కన నిలబెట్టారు.
పెళ్లిళ్లలో మర్ఫా కొడతాడు,
ఆఫీసులో స్టూలుమీద గంట కోసం వింటాడు.
"రూతమ్మా, రోజూ ఆ ఒక్క ఊరినే కొడుతున్నవు,
ఏం తప్పు చేసింది?"

చెప్పాను, పేపర్లో చదివినంత.
నలభై ఎనిమిదిలో ఎన్నికలు గెలిచినవాళ్లు
ద్వేషానికి దఫ్తరం తెరిచారని,
మనిషిని రంగు గడిలో రాసుకుంటారని,
రంగు తేలకపోతే జుట్టులో పెన్సిలు గుచ్చుతారని.
జారితే ఒక పేట, నిలబడితే ఇంకో పేట,
ఒకే తల్లి పిల్లలకైనా సరే.
పుట్టిన ఊళ్లో నడవడానికి జేబులో పాసుండాలి.
సముద్రానికి కూడా బోర్డు.

మర్జూక్ నా బల్లమీది పెన్సిలు తీసి
తన తలలో గుచ్చుకున్నాడు.
నిలబడింది.
సాయంత్రం దాకా ఫైళ్లు మోస్తూ అలాగే తిరిగాడు.
సూపరింటెండెంట్ నవ్వాడు. నేనూ నవ్వాను.
ఆ నవ్వుని ఎక్కడ దాచుకోవాలో ఇప్పటికీ తెలీదు.

మా అమ్మమ్మ సికింద్రాబాద్ స్టేషన్లో
దొరల వెయిటింగ్ రూము ఊడ్చేది.
ఊడవొచ్చు, కూచోకూడదు.
దొరలు పోయాక బోర్డు పీకారు.
సున్నం కింద మేకుల చిల్లులు మిగిలాయి.
నా వేలు పట్టుకుని తడిమించింది:
ఇదొకటి, ఇగో ఇదొకటి.

ఆఫీసులో నా టీగ్లాసు వేరే గూట్లో ఉండేది.
దానికి చట్టం లేదు, బోర్డూ లేదు.
టీ పోసే పిల్లాడికి ఎవరు చెప్పారో మరి.
ఆ గూటి పక్కనే కూచుని
ప్రపంచంలోని అన్యాయం మీద ఠప్ ఠప్‌మని
భారత ప్రభుత్వం తరఫున
నేను.

తొంభైమూడు చలికాలం ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది.
"సదరు ముద్ర ఇకపై వేయనక్కరలేదు."
ఒక్క లైను.
అక్కడ పాసులు కుప్పపోసి తగలబెట్టినవాళ్లు,
బడి బట్టల్లోనే కూలిన పిల్లలు
ఆ లైన్లో లేరు.
ముద్ర స్టోర్సుకి అప్పజెప్పాను. రసీదు ఇచ్చారు.

ఎండాకాలంలో అక్కడ ఓట్ల వరసలు టీవీలో చూశాం,
ఎంత పొడుగున్నాయో!
మర్జూక్ ఆ రాత్రి మర్ఫా కొట్టాడు,
గల్లీలో ఎవరి పెళ్లీ లేకుండానే.

మర్నాడు నా గ్లాసు తీసి అందరి ట్రేలో పెట్టాను.
పొద్దున చూస్తే మళ్లీ గూట్లో ఉంది.
మళ్లీ పెట్టాను. మళ్లీ గూట్లో.
పదకొండో రోజు అది పగిలింది,
ఎలా పగిలిందని ఎవరూ అడగలేదు.
కొత్తవి ఆరు కొన్నారు, ఒకేలాంటివి.

ఏది నాదో నాకు తెలీదు.
టీ పిల్లాడికి తెలుసేమో.