సౌండు తగ్గించమన్నారు

అరండల్‌పేటలో, జిరాక్సు షాపు పైన
ఒకప్పటి టైపు ఇన్‌స్టిట్యూటు.
నేనూ మా కుర్రాడు జాన్ సైదా
రెండు పెద్ద డబ్బాలు మోసుకెక్కాం.
నా మోకాలు చిప్ప మూడు చోట్ల పలికింది.
చూసి ఆ పిల్ల నవ్వింది:
"అన్నా, ఊరేగింపు కాదు, పాటలు.
చిన్నదొక్కటి చాలు."

మైకు సెట్టు పెట్టి ఇరవై రెండేళ్లు.
పెళ్లిళ్లు, ఉరుసులు, గుడారాల కూటాలు,
మిర్చి ధర కోసం రోడ్డెక్కిన రైతుల ధర్నా,
గెలిచినోళ్ల సభ, ఓడినోళ్ల సభ.
పెంచమన్నోళ్లే గానీ
తగ్గించమన్నోళ్లు లేరు.
పెద్ద డబ్బాలు మళ్లీ దించాం.
మెట్లు ఇరవై ఆరు.

కుర్చీలు ముప్పై,
ఏదో కల్యాణమండపం పేరున్న ఎర్ర ప్లాస్టిక్కువి.
జనం పంతొమ్మిది మంది, నన్ను కలపకుండా.
టిక్కెట్టు నూట యాభై,
మణికట్టు మీద నీలం ముద్ర.
గోడకి ఇంకా మిగిలున్న పటం,
ఏ అక్షరం మీద ఏ వేలు పెట్టాలో చెప్పే బొమ్మ.
చిటికెన వేలికి ఆకుపచ్చ రంగు.

ఆ పిల్ల పేరు హెప్సిబా.
గిటారు మీద స్టిక్కరు పీకిన మచ్చ.
పక్కన నాగుల్ మీరా, చెక్క పెట్టె మీద కూచుని
ఆ పెట్టెనే వాయిస్తాడు.
నేను సామాను పెట్టె అనుకుని
దాని మీద వైర్లు పెట్టబోయాను.

పాటలన్నీ వాళ్లు రాసుకున్నవే.
సినిమా పాట ఒక్కటీ లేదు.
తెలిసిన పాట కాకపోతే
జనం ఎక్కడ చప్పట్లు కొడతారో నాకు అర్థం కాలేదు.

ఒకటి షేర్ ఆటోలో ఇరుక్కున్న మోకాళ్ల గురించి.
ఒకటి మూడు వంతెనల కింద
వాననీట్లో ఆగిపోయిన స్కూటీ గురించి.
ఒకటి వాళ్లమ్మ గురించి.
కోల్డ్ స్టోరేజీలో తొడాలు తీసే ఆడాళ్లు
ఇంటికొచ్చి బిడ్డ కళ్లు తుడవరు,
మోచేత్తో దగ్గరికి లాక్కుంటారు.
ఆ మాట రాగం లేకుండా
ధర చెప్పినట్టు చెప్పింది.
నా వేలు స్లైడరు మీద ఉంది.
పెంచాలో తగ్గించాలో తోచక
అట్లాగే ఉంచాను.

రెండో చరణం దగ్గర ఆగిపోయింది.
గిటారు ఒక్కటే అక్కడక్కడే తిరిగింది
పార్కింగు దొరకని బండిలాగా.
మైకులోనే అంది:
"మర్చిపోయానండీ."

ఇరవై రెండేళ్లలో నా మైకులో
ఎవరూ అనలేదు ఆ మాట.
మంత్రం తప్పిన పంతులు దగ్గాడు.
వాగ్దానాలు మర్చిపోయినోళ్లు
వాటినే కొత్తగా చదివారు.
ఒక మేనమామైతే పెళ్లికూతురి పేరు గుర్తు రాక
చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి దగ్గరే
పది నిమిషాలు మాట్లాడాడు.

ఈ పిల్ల ఉన్నమాట అనేసి
చెమట తుడుచుకుని నీళ్లు తాగింది.
పంతొమ్మిది మందీ ఊరుకున్నారు.
మిర్చి సీజను కదా, ఎవరో దగ్గారు.
ఒకరు దగ్గితే నలుగురు.
పట్టాల వైపు గూడ్సు ఒకటి
తీరిగ్గా పోయింది.
వెనక కుర్చీలోంచి ఒక కళ్లద్దాల కుర్రాడు
మాట అందించాడు.
తప్పు మాట.
"అదీ బాగానే ఉంది" అని
దాంతోనే ఎత్తుకుంది.
ఈసారి చప్పట్లు ఎక్కడో నాకూ తెలిసింది.

తొమ్మిదిన్నరకి అయిపోయింది.
ఒప్పుకున్న డబ్బుకి రెండొందలు తక్కువ.
రేపు ఫోనులో కొడతానంది. సరేనన్నా.
సైదా మోచేతికీ బొటనవేలికీ మధ్య
వైరు చుడుతూ గొణిగాడు:
"ఇదేం ప్రోగ్రామన్నా,
చెవుల్లో హోరు కూడా లేదు."

పొద్దున ఐదింటికి నల్లపాడులో గృహప్రవేశం.
నాలుగు డబ్బాలు, రెండు కొమ్ము మైకులు.
మైకుని పెట్టెలో పెట్టబోతూ
ఎందుకో ముక్కు దగ్గరికి తెచ్చుకున్నా.
జాలీకి లవంగం వాసన.

ప్రతి ప్రోగ్రాముకీ తుడిచే పెడతాం.
స్పిరిటు సీసా సైదా దగ్గర ఉంది.
నేను అడగలేదు.