చుక్కల గీత

పగలంతా నేను గీసేది నీళ్ల దారులు.
ఖైరతాబాద్ జలమండలి ఆఫీసు, మూడో అంతస్తు,
కూలర్ చప్పుడు చేసే కిటికీ పక్క టేబులు నాది.
నీలం గీత తాగే నీరు, గోధుమరంగు గీత మురుగు.
గీత మీద అడ్డంగా పడుకున్న ఢమరుకం కనిపిస్తే అది వాల్వు.
పద్దెనిమిదేళ్లలో ఒక్కటీ మోగలేదు.

మొన్న రాత్రి మా మేనకోడలు హిమజ
ఫోన్లో ఇంకో రకం పటం తెరిచి ఇచ్చింది.
"నీకిష్టమైన గొంతు పేరు కొట్టు అత్తా."
కొట్టాను.
నల్లటి తెర నడుమ ఆ పేరు తేలింది.
ఆ వెనకే నూనెలో అప్పాలు పైకొచ్చినట్టు
పేర్లు, ఇంకా పేర్లు,
దగ్గరివి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ
దూరపువి బెరుగ్గా, అంచు పట్టుకుని.
"దగ్గరుంటే పోలిక ఎక్కువన్నట్టు" అంది.
పెళ్లిలో పంక్తి భోజనాలన్నమాట, అన్నాను.
నవ్వలేదు. బఫే కాలపు పిల్ల.

ఒక పేరు ముట్టుకుంటే దాని చుట్టాలు,
ఆ చుట్టాల్లో ఒకరిని ముట్టుకుంటే వాళ్ల చుట్టాలు.
కోఠీకని ఎక్కి, కిటికీ పక్క సీటు దొరికిందని
అఫ్జల్‌గంజ్ దాకా పోయినట్టు
ఒంటిగంటకు చూసుకుంటే
బయల్దేరిన పేరు తెరమీదే లేదు.
పేరైనా పలకరాని ఊరి వీణలాంటిదేదో వింటున్నాను.

కానీ వృత్తి చూపు ఊరుకోదు.
గీత కనబడితే వ్యాసం ఎంతని అడుగుతాను,
ఏ ఏడాది వేశారు, ఎవరు తవ్వి చూశారు?
"ఎవరూ తవ్వలేదత్తా. దీన్ని విన్నవాళ్లు దాన్నీ విన్నారు, అంతే."

ఒక అంచున బర్కస్ మర్ఫా జట్టు.
ఇంకో అంచున చేర్యాల వైపు ఒగ్గుడోలు వాళ్లు.
రెండూ విన్నాను.
రెండుసార్లూ నా ఎడమకాలు ఒకేలా కదిలింది.
పటంలో మాత్రం వాటి మధ్య జానెడు చీకటి.

మొజంజాహీ మార్కెట్ దగ్గర
రోడ్డు చెమ్మగిల్లుతోందని శుక్రవారం ఫిర్యాదు.
లీకు వెతకాల్సింది రాత్రి రెండు తర్వాతే,
ఊరు నోరు మూసుకున్నాక.
అంజిలయ్య ఇనుపరాడ్డు నేలకు ఆనించి
పైకొసకు చెవి పెట్టి కళ్లు మూసుకుంటాడు.
"ఈడ గాదు."
మూడడుగులు జరుగుతాడు.
"ఈడ గూడ గాదు."
నా షీటులో ఏ గీతా లేని చోట ఆగి
"ఈడనే మేడం, గలగల అంటున్నది" అన్నాడు.
తవ్వితే పోతఇనుము, నైజాం కాలంది,
ఏ కాగితానికీ లెక్క చెప్పకుండా ఇన్నాళ్లూ పారుతున్నది.

తవ్విన మేరకు నిండు గీత వేశాను.
అటూ ఇటూ చుక్కలు.
మాలో చుక్కల గీతంటే:
ఉందని నమ్ముతున్నాం, ఇంకా చూడలేదు.

టీ బండి తెరిచేదాకా ఏం చేయాలో తోచక
అంజిలయ్యకు ఆ రెండు డప్పులూ వినిపించాను.
అతను ఫోను కాలిబాట మీద పెట్టమన్నాడు.
రాడ్డు కొస దాని మీద మెల్లగా ఆనించి
పైకొసకు చెవి పెట్టాడు,
మొదటిదానికీ, రెండోదానికీ.
"గిదొక్కటే లైను" అన్నాడు.
"యాడనో జాయింటున్నది. మీ పటంల ఎక్కలే, గంతే."

ఇంటికొచ్చి తెరమీద ఆ బర్కస్ పేరును
వేలితో లాగి చేర్యాల పక్కకు తెచ్చాను.
పట్టుకున్నంతసేపూ ఉంది.
వదలగానే స్ప్రింగులా తన చోటికి పోయింది.
మళ్లీ లాగాను. మళ్లీ పోయింది.

సోమవారం ఆఫీసులో
రద్దయిన షీటొకటి తిరగేసి
హెచ్‌బీ పెన్సిలుతో ఈ చివర నుంచి ఆ చివరకు
చుక్క, చుక్క, చుక్క.
నడుమ అలవాటుకొద్దీ ఒక ఢమరుకం.
తెరిచి ఉందో మూసి ఉందో
పక్కన రాయాలి. రాయలేదు.