బల్ల

జహ్రా ఆస్పత్రిలో నేల తుడిచేదాన్ని.
"తెలుగు వచ్చినోళ్ళెవరు?" అని కేకేస్తే
తుడుపుకర్ర గోడకానించి పోయినా.

మంచం మీద బీరయ్య. మెట్‌పల్లి పక్క.
ఎడారిలో ఒంటెలు కాసేవాడు.
రెండు నెల్లుగా పొద్దుగూకితే జ్వరం,
నానిన గడ్డి వాసనేసే చెమట.

కడుపు మీద జిగురు పూసి
డాక్టర్ తెర చూపించినాడు:
కబ్ద పెద్దదైంది, తిహాల్ ఇంకా పెద్దది.
కబ్ద నాకు తెలుసు, మామా ఇంట్లో
ఏడేండ్లు ఉల్లిగడ్డలేసి వేయించినా.
తిహాల్ ఏ కూరలోనూ తగల్లేదు.
ఆయన వేలు ఎడమ పక్కటెముకల కింద ఆగినాక
మా జేజి మాట నోటికొచ్చింది:
"నీకు బల్ల పెరిగింది, అన్నా."

"బల్లనా?" నవ్విండు. "బడిల బల్ల మీద సుత కూసోలే నేను."

మలేరియా వచ్చిందా?
చిన్నప్పుడు, ఊరందరికి.
కామెర్లు? పసరు తాగిన.
సారా? ఈడ ఏడ దొరుకుతది?
ఇసుక ఈగలు కుట్టినాయా?
కుట్టనిదేందో అడుగుమను.
ఇంట్లో ఎవరికైనా నెత్తురు జబ్బు?
గోడ దిక్కు తిరిగిండు.
చెల్లె, అన్నాడు. తొమ్మిదేండ్లకు.

పాలు కాచి తాగుతావా?

"పొయ్యి లేదక్కా. నీళ్ళ టాంకర్ రాని దినం
పొదుగుకే నోరు పెట్టిన.
అది కదల్లే. కాలు సుత లేపలే.
పదకొండు నెలల్ల నన్ను కసురుకోనిది అదొక్కటే."

డాక్టర్ నా నోరు చూస్తున్నాడు.
"హలీబ్" అన్నా. పచ్చివని చెప్పినా.
మిగిలినదానికి నా వంటింటి అరబ్బీ చాల్లేదు.
ఇప్పుడే ఏమీ చెప్పలేం, నెత్తురు తీయమన్నాడు.

సూది గుచ్చుతుంటే బీరయ్య అడిగినాడు:
"దానికి సుత ఉంటదా అక్కా, జరం?
దాన్నెవలు జూస్తరు?"