ఎనిమిది సెకన్లు

జీడిమామిడి చెట్టుకి మూడో కెమెరా కట్టాం.
దాని ఎదర కొమ్మకి ఒక నీలం ప్లాస్టిక్ మగ్గు.
అందులో తేనె లేదు, పనసతొన లేదు.
కొత్తదాన్ని చూసి ఎవరేం చేస్తారో చూడాలంది సుచరిత.
నాకు రోజుకి నాలుగొందలు. మగ్గు మా ఇంటిదే.

ఉద్దానంలో ఎలుగంటే ఒక్కటే ఎలుగు.
"ఎలుగొచ్చింది" అంటాం, "వానొచ్చింది" అన్నట్టు.
వానకి మొహం ఉండదు కదా.

సుచరిత ఫొటోలు చాప మీద పరిచి
రొమ్ముల మీది తెల్ల గీతలు చూపించింది.
ఒకదానికి విరిగిన కొడవలి.
ఒకదానికి పలక మీద రాసి సగం చెరిపిన "గ".
ఇంకోదానికి గీతే లేదు, ఉత్త మసి.
మొత్తం ఏడు.
నలభై ఏళ్ళుగా నేను ఒక్కదానికే భయపడ్డాను.

కొడవలిది ఎనిమిది సెకన్లలో మగ్గు దగ్గరికొచ్చింది.
ముక్కుతో పొడిచింది, పిడి కొరికి ఊడబీకింది,
పోతూ పోతూ కెమెరాని నాకింది.
తర్వాత పదకొండు ఫొటోల నిండా ఉమ్మే.

"గ" గీతది మొదటి రాత్రి దూరంగా నిలబడింది.
రెండో రాత్రి కూడా దూరంగానే.
మూడో రాత్రి గాలివాటం చూసుకుని వెనకనుంచి వాసన పట్టింది.
నాలుగో రాత్రి మగ్గు చుట్టూ పెద్ద సున్నా చుట్టి
తన చెదపుట్ట తాను తవ్వుకోడానికి పోయింది.

మా అమ్మ ఉంటే ఒక్క మాటలో తేల్చేసును:
"అది దుడుకుది, ఇది బెదురుగొడ్డు."
సుచరిత ఏమీ అనలేదు, అంకె రాసుకుంది.
రెంటిలో ఏది మంచిది, అనడిగాను.
"ఏ ఏడు?" అంది.

పూతకి మంచుపట్టి జీడి రాలిపోయిన ఏడు,
కొండమీద పుట్టలు రాయిలా బిగిసిన ఏడు,
బెదురుగొడ్డు డొక్కలు ఫొటోలో లెక్కపెట్టాను.
కొడవలిది మాత్రం మందస రోడ్డు దాటింది.
కృపాసింధు పకోడీ బడ్డీ తలుపు తోసి
బెల్లం దిమ్మ, నూనె ప్యాకెట్లు,
దేవుడి పటం ముందున్న కొబ్బరిచిప్ప కూడా మిగల్చకుండా
నిగనిగలాడే ఒంటితో కొండెక్కింది.
"నా బడ్డీకే దొరికినానేటి దానికి?" అని
కృపాసింధు నెల్లాళ్ళు తిట్టాడు.

పలాసలో మా మంజుల జీడిపప్పు ఏరుతుంది.
గుండు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి, మాడింది కిందకి.
కొండమీద కూడా అలా ఏరే చెయ్యొకటి ఉందట,
దానికి కళ్ళు లేవట.
ఒక ఏడు గుండుని ఉంచుతుంది, ఒక ఏడు బద్దని,
అందుకే రెండూ మిగిలాయట ఇన్నాళ్ళూ.

మరుసటేడు పందుల కోసం
ఒక తోట చుట్టూ కరెంటు తీగ లాగారు.
తీగ కొత్తది.
కొత్తదాని దగ్గరికి అది ఎంతసేపట్లో పోతుందో
నాకు ముందే తెలుసు.

ఎవరి తీగో కూడా తెలుసు.
ఫారెస్టోళ్ళ కాగితంలో ఆ పేరు రాయించలేదు.
కొడవలి ఆకాశంకేసి తిరిగి ఉంది.
సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకుని జనం
"ఎలుగు సచ్చిపోనాది" అన్నారు.
వాళ్ళకి ఇంకా ఒక్కటే ఎలుగు.

మా తీగకి ఏరడంలో ఒక్క రకమే తెలుసు.
ఏడుతో పనిలేదు దానికి.

నిన్న రాత్రి ఫొటో.
బెదురుగొడ్డు వచ్చింది, వీపు మీద రెండు పిల్లలు.
మగ్గు రంగు వెలిసింది, పిడి లేదు.
అయినా దానికి అదే దూరం, అదే సున్నా.
ఒక పిల్ల తల్లి జూలులో ముక్కు దాచుకుంది.
రెండోది
వెనక్కి తిరిగి,
జారిపడేటంత వంగి,
మగ్గుకేసి పంజా చాపింది.

పొద్దున్నే పోయి మగ్గు విప్పి
ఇంటికి తెచ్చేశాను.
సుచరితకి ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.