ఇవాళ ఏ నంబరు?

జీలాంగ్‌లో, మూరబూల్ స్ట్రీట్ మీద
పళ్ళ డాక్టరుకీ కీళ్ళ డాక్టరుకీ నడుమ మోయిరా గది.
గోడ మీద తుంటి ఎముకల పటం.
నా పేరు సౌగంధిక. ఆవిడ నోట్లో సగమే పట్టింది.
"సోగన్, నొప్పి ఎప్పట్నుంచి?"
పెళ్ళయి మూడేళ్ళ రెండు నెలలు, అన్నాను,
ఆ రెండు నెలల దగ్గర గొంతు తగ్గించి.

"పాడైందేమీ లేదు. నీ కండరం భయపడుతోంది,
తలుపుకి కుర్చీ అడ్డుపెట్టుకుని కూర్చున్న పిల్లలా."
బయట ఎవరూ తట్టకూడదట, అరవకూడదట.
కుర్చీని ఆ పిల్లే జరపాలట.

పార్సెల్ వచ్చిన రోజు మేం ఇంట్లో లేం.
పక్కింటి డెస్మండ్ సంతకం పెట్టి దాచాడు.
"తేలిగ్గా ఉంది, పూల విత్తనాలా?"
అవునన్నాను. అబద్ధమనిపించలేదు.

అయిదు. లేత ఊదారంగు సిలికాన్.
మొదటిది నా చిటికెనవేలంత.
అయిదోదాన్ని చూసి డబ్బా మూత పెట్టేశాను,
మళ్ళీ తీశాను.
కిటికీ గట్టు మీద వరసగా నిలబెడితే బొమ్మల కొలువు.
విభాకర్ ఒంగి చూసి
"పేరంటానికి ఎవర్ని పిలుద్దాం?" అన్నాడు.
పడీ పడీ నవ్వాం.
ఈ గదిలో ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో
ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి, ఆగాం.

మోయిరా చెప్పినవి ఫ్రిజ్ మీద అతికించేవి కావు.
పోపుల డబ్బా మూత లోపలివైపు రాసుకున్నాను:
గోరువెచ్చని నీళ్ళు, వాసన లేని సబ్బు.
జెల్ ధారాళంగా, ఇది దోసె పెనం కాదు.
ఊపిరి పొత్తికడుపు దాకా. వదిలేటప్పుడే ముందుకి.
గుచ్చుకుంటే ఆగు. మండితే వెనక్కి రా.
రక్తం కనిపిస్తే ఫోన్ చెయ్యి, ధైర్యం చెప్పుకుంటూ కూర్చోకు.
పది నిమిషాలు. పదకొండోది అత్యాశ.
ఓర్చుకుంటే ఇక్కడ మార్కులు పడవు.

ఆ చివరి మాటే ఒంటికి ఎక్కలేదు.
చిన్నప్పుడు గాజులావిడ
సబ్బునురగ పూసి నా చెయ్యి మెలితిప్పుతూ
"వదులు చెయ్యమ్మా, కాస్త ఓర్చుకో" అనేది.
గాజు చిట్లి మణికట్టు గీరుకుంటే
పిల్లది గట్టి చెయ్యి, అని తేల్చి లేచి వెళ్ళింది.
ఓర్చుకోవడం తప్ప
వదులు చెయ్యడం ఎలాగో ఎవరూ చెప్పలేదు.

జులై. సముద్రం మీంచి వచ్చే గాలికి కిటికీలు గడగడా.
హీటర్ దగ్గర దిండు, మోకాళ్ళ కింద ఇంకో దిండు.
నైట్ డ్యూటీ నుంచి వచ్చి షూ విప్పుతూ అడుగుతాడు:
"ఇవాళ ఏ నంబరు?"
"ఒకటే."
"మంచిది. ఆ బస్సులో కిటికీ సీటు దొరుకుతుంది."
రెండు వారాలు అదే బస్సు.

రెండో నంబరు మండించిన రోజు విసిరికొట్టాను.
కార్పెట్ మీద ఎగిరి బీరువా కిందికి దొర్లింది.
టార్చి పట్టుకుని ఇద్దరం నేల మీద బోర్లా పడుకుని
దుమ్ములో వెతికాం. మళ్ళీ వేణ్ణీళ్ళు, మళ్ళీ సబ్బు.

ఒక ఆదివారం అతని చేతికి ఇచ్చాను.
సగంలో "ఆగు" అన్నాను.
ఆగాడు.
ఎందుకనలేదు. మొహం గంటు పెట్టుకోలేదు.
చేతులు కడుక్కొచ్చి, అల్లం దంచి, టీ పెట్టాడు.
ఆ "ఆగు"ని నా ఒళ్ళు ఎక్కడో రాసుకున్నట్టుంది,
తర్వాతి వారం మూడోది
నేననుకున్నంత గొడవ చెయ్యలేదు.

అత్తగారి ఫోను, స్పీకర్లో:
"విశేషం ఏమైనా ఉందా?"
కిటికీ గట్టు మీద, తెల్ల టవల్ మీద
మూడో నంబరు ఆరుతోంది.
"ఉందండీ" అన్నాను.
అటువైపు ఊపిరి బిగబట్టిన చప్పుడు.
"చలి తగ్గింది" అన్నాను.
విభాకర్ బాత్‌రూంలోకి పారిపోయి నవ్వాడు.

నాలుగు, అయిదు ఇంకా డబ్బాలోనే.
మోయిరా తేదీ అడగదు, నేనూ వెయ్యను.

నిన్న రాత్రి సొరుగులో
పెళ్ళినాటి ఆకుపచ్చ గాజులు కనిపించాయి.
సింకు దగ్గర నిలబడి, సబ్బు రాసుకుని,
వేళ్ళు వదిలేసి చూశాను.
ఒకటి ఎక్కింది.
రెండోది ఒద్దంది.
దాన్ని గట్టు మీదే పెట్టి, లైటు ఆర్పేశాను.